ఆ ఒక్క స్వరం

అమ్మాయీ,

ఆశీస్సులు. మీ తాతగారి మీద నువ్వు రాసి పంపిన స్క్రిప్టు చదివాను. గొంతు పలకకపోయినా కృష్ణుడి వేషం మీద మోజు చావక, హార్మోనిస్టుకీ స్త్రీ పాత్రలకీ తనే డబ్బిచ్చుకుని, ఊరూరా నాటకాలాడించి, చివరికి పొలం తెగనమ్ముకున్న మనిషి. అలాంటివాళ్లు ఒక తరంలో మన పల్లెల్లో చాలామందే ఉండేవారు. జాలిపడో నవ్వుకునో మనవాళ్లు వాళ్లని మర్చిపోయారు. నువ్వు మర్చిపోలేదు. అందుకు ముందుగా సంతోషం.

గొంతు శ్రుతిలో నిలవకపోయినా న్యూయార్క్‌లో ఒపేరా పాటలు, అంటే పడమటి సంగీత నాటకాల పాటలు, పాడిన ఫ్లారెన్స్ ఫోస్టర్ జెంకిన్స్ మీద వచ్చిన సినిమా చూశాకే ఈ కథ రాయాలనిపించిందన్నావు. 2016లో స్టీఫెన్ ఫ్రియర్స్ తీసినది, మెరిల్ స్ట్రీప్ వేసినది. సరైన చోటే మొదలుపెట్టావు. కానీ అందులోంచి నీ స్క్రిప్టులోకి వచ్చినవి జనం నవ్వు, చివర్లో చప్పట్లు. మొదటి సగమంతా తాతగారు శ్రుతి తప్పడం, ఊరు పడీపడీ నవ్వడం. ఇంటర్వెల్ తర్వాత ఆయన కుమిలిపోవడం, క్లైమాక్సులో అందరూ లేచి నిలబడటం. ఈ లైను వింటే ఏ నిర్మాతయినా తలూపుతాడు. నాకు మాత్రం ఒప్పుదల కాలేదు. నువ్వు ప్రేక్షకుల్లో కూర్చుని రాశావు. వేదిక మీద ఆయన పక్కన నిలబడి రాయాల్సిన కథ ఇది.

ఫ్లారెన్స్ జీవితంలో ఒక సంగతి చెబుతాను. 1940ల మొదట్లో ఆమె న్యూయార్క్‌లో మెలొటోన్ అనే స్టూడియోలో రికార్డులిచ్చింది. మోత్సార్ట్ ‘మ్యాజిక్ ఫ్లూట్’ ఒపేరాలో రాత్రి రాణి పాట పాడింది. పాడిందంతా విని చాలా బాగుందంది. మర్నాడు స్టూడియోకి ఫోన్ చేసింది. పాట చివర్లో ఒక స్వరం మీద తనకి అనుమానంగా ఉందంది. స్టూడియో నడిపే ఆవిడ, ఏ ఒక్క స్వరం గురించీ మీరు బెంగపడనక్కర్లేదని సర్దిచెప్పింది.

ఈ సంగతి చెప్పుకుని జనం ఇప్పటికీ నవ్వుకుంటారు. స్వరాలన్నీ పక్కకి పోయిన పాటలో ఆవిడకి ఒక్కదాని మీదే అనుమానం వచ్చిందే అని. నాకు మాత్రం ఆ మనిషి అక్కడే దొరికింది. ఆమె విన్నది. విన్నది కాబట్టే మర్నాటిదాకా ఆ స్వరం ఆమెని వదల్లేదు. ఫోన్ ఎత్తి అడిగే ధైర్యం కూడా చేసింది. అడిగిన చోట నిజం చెప్పేవాళ్లు లేకపోయారు. సినిమా అంతా ఈ ఒక్క ఫోన్ మీద నిలబెట్టవచ్చు. తన గొంతు సంగతి తనకేమీ తెలియని పాత్రని చూసి ప్రేక్షకుడు ఒక రీలు నవ్వుతాడు, రెండో రీలుకి విసుగొస్తుంది. కొంచెం తెలిసీ తెలియనట్టున్న పాత్రని మాత్రం చివరిదాకా కళ్లప్పగించి చూస్తాడు.

నీ స్క్రిప్టులో తాతగారికి ఎక్కడా అనుమానమే రాదు. కృష్ణుడు నిద్ర నటించే పడక సీనులో రాగం తీస్తారు, జనం నవ్వుతారు, ఆయన మెప్పనుకుంటారు. ప్రతిసారీ అంతే. నేనైతే నమ్మను. ఊరూరా తిరిగి అన్ని రాత్రులు పద్యాలు పాడిన మనిషికి ఒక్క రాత్రయినా ఇంటికి నడిచొస్తూ, ఆ పద్యం ఎందుకో కుదర్లేదని అనిపించి ఉండదా? అది రాయి.

ఫ్లారెన్స్‌కి సంగీతం రాదని నీ ఉత్తరంలో ఉంది. అది కూడా సరిచేసుకో. 1868లో పెన్సిల్వేనియాలోని విల్క్స్-బార్‌లో పుట్టింది. తండ్రి డబ్బున్న లాయరు. చిన్నతనంలోనే పియానో కచేరీలు చేసింది. సంగీతం చదువుకోడానికి విదేశం పంపమంటే తండ్రి ససేమిరా అన్నాడు. చిన్న వయసులోనే ఫ్రాంక్ జెంకిన్స్ అనే డాక్టర్ని చేసుకుంది. ఆ పెళ్లి ఆమెకి మిగిల్చింది సిఫిలిస్ జబ్బు. అతన్ని విడిచిపెట్టి ఫిలడెల్ఫియాలో పియానో పాఠాలు చెప్పుకుని బతికింది. చేతికి దెబ్బ తగలడంతో పియానో కచేరీల ఆశ కూడా పోయింది. 1909లో తండ్రి పోయి ఆస్తి వచ్చేదాకా ఆమెకి పాటకి కావలసిన తీరిక లేదు, డబ్బూ లేదు. అప్పటికి నలభై దాటాయి. అంటే ఈమె సంగీతం తెలియని శ్రీమంతురాలు కాదు. స్వరం అంటే ఏమిటో వేళ్లకి తెలిసిన మనిషి, చెయ్యి పోయాక గొంతుని ఆశ్రయించింది. ఆ గొంతు ఆమెకి సాయం రాలేదు.

వేళ్లకి తెలిసింది చెవికి ఎందుకు తెలియలేదంటావా? మన గొంతు మనకి గాలిలోంచే కాదు, తల ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది. అందుకే రికార్డులో మన మాట మనకే వేరే ఎవరిదో అనిపిస్తుంది. లోపల మోగే పాట ఒకటి, బయటికి వచ్చే పాట ఒకటి. అందరికీ ఈ తేడా ఉంటుంది, ఆమెకి అది చాలా పెద్దది. ఆ లోపలి పాటని తెరమీదికి తేవడమే రచయిత పని.

నీకు మన సినిమాతో తేడా చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. సావిత్రిగారి మీద 2018లో ‘మహానటి’ వచ్చినప్పుడు, ఆవిడ గొప్ప నటి అని తెరమీద రుజువు చెయ్యాల్సిన పని లేకపోయింది. ఆ ప్రేమ ప్రేక్షకుడు ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నాడు. ఫ్లారెన్స్‌కి గానీ మీ తాతగారికి గానీ ఆ అప్పు దొరకదు. మొదటి సీనునుంచీ కష్టపడి సంపాదించుకోవాలి.

ఎలా సంపాదిస్తావు? ఆమె ఎంచుకున్న పాటలు చూడు. రాత్రి రాణి పాటలో తారస్థాయి దాటి ఎక్కడికో ఎగరాలి. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు కూడా దాని జోలికి భయంభయంగా వెళతారు. ఇంకోటి దెలీబ్ రాసిన ‘లక్మే’ ఒపేరాలోని గంటల పాట. ఆ కథ జరిగేది మన దేశంలోనే, ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో. పాడేది పూజారి కూతురు. మన అమ్మాయిలు పెట్టుకునే లక్మే కాటుకకి ఆ పేరు వచ్చింది ఆ ఒపేరానుంచే. సభలో మనసుకి నచ్చే చిన్న పాటలు నాలుగు పాడుకుని ఉంటే ఫ్లారెన్స్ ఓ మోస్తరు గాయనిగా మిగిలిపోయేది, మనకి ఆమె పేరే తెలిసేది కాదు. ఆమె కొండకొమ్ముకే ఎక్కబోయింది. 1943లో టాక్సీ ప్రమాదం జరిగితే, ఆ తర్వాత తన గొంతు ఇదివరకెన్నడూ అందనంత పై స్వరం అందుకుంటోందని మురిసిపోయి, దావా వెయ్యడం మాని ఆ డ్రైవరుకి ఖరీదైన చుట్టల పెట్టె పంపిందని చెబుతారు. ఆ చుట్టల పెట్టె దగ్గర నవ్వు రానివ్వు, మంచిదే. ఆ నవ్వులోనే ఆమె మీద ఇష్టం కూడా కలుగుతుంది. నవ్వు రాకూడదని నేను అనడం లేదు. నవ్వేటప్పుడు కూడా మనం ఆమె వైపే ఉండాలి.

ఇక స్క్రిప్టు పని. నికొలస్ మార్టిన్ రాసిన ఆ సినిమాలో నాకు చాలా నచ్చింది ఆయన వదిలేసినవి. డెబ్భై ఆరేళ్ల జీవితంలో బాల్యం చూపించలేదు, మొదటి పెళ్లి చూపించలేదు. 1944లో ఒక్క సంవత్సరం పట్టుకున్నాడు. పాతదంతా మాటల్లో, వంట్లో, నడకలో తెలుస్తుంది. నువ్వేమో తాతగారి అక్షరాభ్యాసంతో మొదలుపెట్టావు. ఆ ముప్ఫై పేజీలూ తీసెయ్యి. అవి నీకోసం రాసుకున్నవి, రాయడం అవసరమే, తెరకి మాత్రం అక్కర్లేదు. ఆయన ఆఖరి నాటకం ఆడిన ఏడాది పట్టుకో.

ఇంకో సంగతి. నిజానికి ఆమె పాటకి పియానో వాయించిన కాస్మే మక్‌మూన్ అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఆమెతో ఉన్నవాడు. సినిమాలో అతన్ని కొత్తగా చేర్చుకున్నట్టు మార్చారు. దానివల్ల ఆమె పాట మొదటిసారి వినేవాడు మనకి దొరికాడు. అతను మర్యాదగా బిగబట్టుకుని, బయటికొచ్చి లిఫ్టులో పగలబడి నవ్వుతాడు. మన నవ్వు అక్కడ తీరిపోతుంది. ఆ తర్వాత నెమ్మదిగా అతనితోపాటు మనం కూడా ఆమె మనుషులమైపోతాం. చరిత్రని ఈ మేరకు జరపవచ్చా అంటే జరపవచ్చంటాను. తేదీ జరిపినా మనిషి స్వభావం జరగలేదు కాబట్టి. ఇద్దరి మధ్య ఉన్న బంధం అబద్ధం కాలేదు కాబట్టి. మీ హార్మోనిస్టు పాత్రని అలా వాడుకోవచ్చు. ఇప్పుడు అతను మీ స్క్రిప్టులో ఎగతాళి మాటలకి మాత్రమే ఉన్నాడు. కానీ ఆలోచించు, తాతగారు శ్రుతి దిగజారినప్పుడల్లా పక్క మెట్టు నొక్కి ఆదుకున్నది ఎవరు? పద్యం మధ్యలో ఊపిరి చాలక ఆగిపోతే ఆ ఖాళీని రాగంతో నింపింది ఎవరు? పక్కవాద్యం వాయించేవాడికి తెలిసినంతగా పాడేవాడి బలహీనత ఇంకెవరికీ తెలియదు. తెలిసీ నిలబెట్టాడంటే అది కూలికోసం మాత్రమే అయి ఉండదు.

పాడే సీన్లలో నువ్వు ‘ఘోరంగా పాడతాడు’ అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. అలా రాస్తే నటుడు కోతిచేష్టలు చేస్తాడు. మెరిల్ స్ట్రీప్ ఆ పాటల్ని ముందు సరిగ్గా నేర్చుకుంది. శిక్షకుడి దగ్గర కూర్చుని ఒక్కొక్క స్వరం పట్టింది. ఆ తర్వాతే ఎక్కడ తప్పాలో ఆలోచించింది. కెమెరా ముందు తనే పాడింది, పియానో కూడా మక్‌మూన్ వేషం వేసిన సైమన్ హెల్బర్గ్ నిజంగా వాయించాడు. అందుకే ఆ అపస్వరాల్లో ఒక మనిషి ప్రయత్నం వినిపిస్తుంది. నువ్వు కూడా ఆ పద్యాలు తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని విను. ఎక్కడ ఎత్తుకోవాలి, ఎక్కడ సంగతి వెయ్యాలి, ఏ అక్షరం మీద ఆగాలి. అది తెలిశాక ఇలా రాయగలవు: ‘మూడో పాదం సరిగ్గానే ఎత్తుకున్నాడు. పై స్థాయికి వెళ్లేముందు గాలి పీల్చుకోవాలి, తొందరలో మర్చిపోయాడు. గొంతు జీరపోయింది. ఆగలేదు. కళ్లు మూసుకున్నాడు.’ ఈ నాలుగు ముక్కలు చాలు నటుడికి.

కాలం గురించి. పీరియడ్ సినిమా అనగానే నువ్వు పెట్రోమాక్స్ లైట్లు, జట్కాబండి, పంచెకట్టు వివరంగా రాశావు. అవి కళాదర్శకుడు చూసుకుంటాడు. ఆ కాలం వల్ల మనుషులు ఏం చెయ్యగలిగారో, ఏం చెయ్యలేకపోయారో రాయి. ఫ్లారెన్స్ కథలో రికార్డు స్టూడియోలు డబ్బు కట్టినవాళ్లకి ప్లేటు వేసిపెట్టే రోజులు కాబట్టే ఆమె గొంతు మనదాకా వచ్చింది. పెన్సిలిన్ రాక ముందు సిఫిలిస్‌కి పాదరసం, ఆర్సెనిక్ మందులు పుచ్చుకున్న తరం కాబట్టే ఆమె ఒంటికి అంత హాని జరిగింది. సినిమాలో విగ్గు తీసిన ఆమె తల ఒక్కసారి చూపిస్తారు. ఏ వేషధారణా చెప్పలేనిది అది చెప్పింది. అయితే జబ్బువల్లే పాట చెడిందని ఎక్కడా రాసుకోకు, మీ తాతగారికి కూడా ఏ గొంతునొప్పో అంటగట్టకు. కారణం దొరికితే ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుని ఆమెని మర్చిపోతాడు. ఇక మీ కథకి కాలం ఇచ్చినది మైకులేని వేదిక. చివరి వరుసలో చాప మీద కూర్చున్నవాడికి వినబడాలంటే అరవక తప్పదు. మంద్రంలో మీ తాతగారి గొంతు బాగుండేదేమో! ఆ కాలపు వేదిక మీద మంద్రానికి చోటు లేకపోయింది. ఇలాంటిది పట్టుకుంటే కాలం కథలో భాగమవుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ సినిమాలో నాకు కథానాయకుడిగా కనిపించేది హ్యూ గ్రాంట్ వేసిన సెయింట్ క్లెయిర్ బేఫీల్డ్. ఇంగ్లండునుంచి వచ్చిన రంగస్థల నటుడు, నటుడిగా పెద్దగా పైకి రానివాడు, 1909నుంచి ఆమె చివరి రోజుదాకా తోడున్నవాడు. 1917లో ఆమె పెట్టిన వెర్డీ క్లబ్బులో కచేరీలకి టిక్కెట్లు తెలిసినవాళ్లకే. నవ్వేవాళ్లని, రాసేవాళ్లని లోపలికి రానివ్వకపోవడం అతని పని. ఒంటె పెళ్లికి గాడిద గాత్రం అని మనం ఇలాంటి సభల్ని తేలిగ్గా తీసిపారేస్తాం. కానీ ఒక మనిషి ముప్ఫై అయిదేళ్లపాటు, రోజూ, ఇంకొకరి కలకి కాపలా కాశాడంటే దాన్ని ఏమనాలి? ప్రేమ అనాలి. మోసమని కూడా అనాలి. అతనికి ఆమె డబ్బుతో బతుకు గడిచింది, వేరే ఇంట్లో వేరే స్త్రీ ఉంది. అవన్నీ దాచకుండానే, అతని ప్రేమని నమ్మించారు. రచయితగా నేను చాలా గౌరవించేది ఆ పనిని. ఆ పాత్రని వంచకుడిగానో దేవుడిగానో తేల్చేసి ఉంటే సినిమా అక్కడే చచ్చిపోయేది.

1944 అక్టోబర్ 25న ఆమె న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో కచేరీ చేసినప్పుడు అతని కాపలా పనిచెయ్యలేదు. అది దాదాపు 2,800 సీట్ల హాలు, టిక్కెట్లు ఎవరైనా కొనుక్కోవచ్చు. వారాల ముందే అమ్ముడుపోయాయి. పేరున్న పాటల రచయిత కోల్ పోర్టర్ లాంటివాళ్లు కూడా వచ్చారు. స్వరాలు తప్ప ఆవిడ అన్నీ పాడగలదని న్యూయార్క్ పోస్ట్ రాసింది. అయిదు రోజులకి ఒక సంగీతపు దుకాణంలో ఉండగా గుండెపోటు వచ్చింది, నవంబర్ 26న పోయింది. సినిమాలో ఆ పత్రిక చదివి కుప్పకూలినట్టు చూపించారు. నాకు ఆ ఒక్కచోట మనసొప్పలేదు. ఆమెకప్పుడు డెబ్భై ఆరేళ్లు, దశాబ్దాల జబ్బు మోసిన శరీరం. విమర్శ చంపిందంటే వినడానికి బాగుంటుంది, కానీ అంతకాలం పాటకోసం అంత ఓర్చుకున్న మనిషిని అది చిన్నది చేస్తుంది. ‘నేను పాడలేనని అనొచ్చు గానీ, పాడలేదని ఎవరూ అనలేరు’ అని ఆమె అన్నట్టు చెప్పే మాట ఉంది కదా, నువ్వు దాన్ని తాతగారి నోట తెలుగులో పెట్టావు. తీసెయ్యి. అది ఆమె కష్టార్జితం. తాతగారి మాటలు తాతగారివే వెతుక్కోవాలి.

ఉత్తరం చివర్లో చిన్న అక్షరాలతో అడిగావు: ‘గురువుగారూ, నేను కూడా ఆవిడలాంటిదాన్నేమో, నాకు రాయడం రాదేమో, ఎలా తెలుస్తుంది?’ అసలు ప్రశ్న అదేనని నాకు అర్థమైంది. నీకు ప్రతిభ ఉందనో లేదనో ఒక్క స్క్రిప్టు చూసి చెప్పడం నా వల్ల కాదు, చెబితే నమ్మకు కూడా. ఒకటి మాత్రం నిజం. ఇష్టం ఉన్నంత మాత్రాన రాత రాదు. త్యాగరాజస్వామి భక్తిలేని సంగీతజ్ఞానం దారి చూపదన్నారు. జ్ఞానంలేని భక్తి కూడా ఎంత దూరం తీసుకెళుతుందో ఫ్లారెన్స్ రికార్డుల్లో వినిపిస్తుంది. నువ్వు వయసులో చిన్నదానివి, నేర్చుకోడానికి నీకు వీలుంది, ఆమెకి నలభై ఏళ్లదాకా దొరకని వీలు. ఏదైనా వాక్యం రాశాక మర్నాడు ఎక్కడో తేడాగా ఉందనిపిస్తే, ఆ అనుమానాన్ని బెంగపడొద్దని చెప్పేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లకు. నీ మీద ప్రేమ ఉన్నవాళ్లు, నీతో పని ఉన్నవాళ్లు ఆ మాటే చెబుతారు. నీ రాత బాగున్నా బాగోకపోయినా పోయేదేమీ లేనివాళ్లని ఒకరిద్దర్ని సంపాదించుకో. వాళ్ల మాట విని రెండు రోజులు ఏడుపొచ్చినా సరే, మూడోరోజు కూర్చుని దిద్దు. ‘ఈ సీను బాగోలేదు’ అని నీ స్క్రిప్టు అంచుల్లో నేను పెన్సిలుతో రాసినవి చాలా ఉన్నాయి. ప్రతిదాని పక్కనా ఎందుకో కూడా రాశాను.

బాగున్నవి కూడా ఉన్నాయి. తాతగారు కిరీటాన్ని నాటకం లేని రోజుల్లో కూడా తుడిచి పెట్టెలో పెట్టుకునే సీను ఉంది చూడు, అక్కడ ఒక్క అక్షరం మార్చకు. అక్కడ నువ్వు ఆయన్ని చూసి నవ్వలేదు, ఏడవలేదు, ఊరికే చూస్తూ నిలబడ్డావు.

చివరగా, నాయనమ్మ. నీ స్క్రిప్టులో ఆవిడకి ఉన్నవి రెండు సీన్లు, రెండింట్లోనూ పొలం అమ్మొద్దని దెబ్బలాడుతుంది. ఫ్లారెన్స్ కలకి ఆస్తి కాపలా కాసింది. మీ తాతగారి కలకి ఖరీదు ఆవిడ కట్టింది. సంతకం పెట్టిన రోజు ఆవిడ ఎక్కడుంది? నాటకం ఆడిన రాత్రుల్లో చూడ్డానికి వెళ్లేదా, ఇంట్లోనే ఉండేదా? ఆయన తెల్లవారుజామున రంగు కడుక్కుంటూ ఎలా ఉందని అడిగితే ఏం చెప్పింది? అడగకుండా ఉండి ఉండడు. ఆవిడ ఇంకా ఉన్నారని, మాట స్పష్టంగానే ఉందని రాశావు. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఫోనులో రికార్డు చెయ్యకుండా, కాగితం పెన్ను కూడా బయటికి తీయకుండా, పక్కన కూర్చుని అడుగు. తాతగారు బాగా పాడేవారా అని మాత్రం అడక్కు. ఆయన పాడుతుంటే నువ్వేం చేసేదానివి నాయనమ్మా అని అడుగు. ఆవిడ చెప్పేది పూర్తిగా విన్నాక, మళ్లీ మొదటి పేజీనుంచి రాయి.

ఆశీస్సులతో,
మీ గురువుగారు